పైన ఉక్కు పరిస్తే అది చెక్క రోలర్ కోస్టరేనా? రికార్డు ఎవరిది?

కాజీపేట_జంక్షన్:
రాత్రి నుంచి మా హాస్టల్ రూమ్‌లో ఇదే లొల్లి. అన్నిటికన్నా వేగంగా పోయే చెక్క రోలర్ కోస్టర్ ఏదని కాలేజీ క్విజ్‌లో అడిగారు. షికాగో దగ్గరి గోలియత్ అని రాశా. 2014లో మొదలైంది, గంటకు 116 కిలోమీటర్లు, 85 డిగ్రీల వాలులో 55 మీటర్లు కిందికి దూకుతుంది. మా రూమ్మేట్ ఒప్పుకోడు. దాని ట్రాక్‌లో పై పొరలు ఉక్కువట. "ఇనుము మీద ఉరికేదానికి చెక్క రికార్డేంది" అంటాడు. మీరేమంటారు?

వడ్లోళ్ల_పిల్లగాడు:
తమ్మీ, నీదే కరెక్టు. ఇనుము తగలని చెక్క కోస్టర్ ఎక్కడుంది? పాతవాటిలోనూ పలకలు పొరలు పొరలుగా పేర్చి, పైన సన్నటి ఉక్కు పట్టీ బిగిస్తారు. చక్రం దొర్లేది దాని మీదే.
మా తాత పరకాల దగ్గర ఎడ్లబండ్లు చేసేవాడు. గీర, అంటే చక్రం, తయారయ్యాక ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి తొడిగేవాళ్లు. కట్టె కాలి పొగ లేచేది. వెంటనే నీళ్లు కొడితే పట్టా ముడుచుకుని ఆకులన్నీ కిర్రుమంటూ బిగిసేవి. ఆ పట్టా లేకుంటే బండి మేడారం దాకా పోదు. అయినా దాన్ని ఇనుప బండి అన్నవాళ్లను నేను చూడలేదు.

ములుగు_రోడ్డు:
అన్నా, గీర ముచ్చట బాగుంది గానీ పోలిక కుదరలేదు. బండి పట్టా ఆకులను పట్టి ఉంచుతుంది, కట్టె అరగకుండా కాపాడుతుంది. బరువు మోసేది మాత్రం కట్టే. గోలియత్ మీద ఉన్నది సన్నటి పట్టీ కాదు, ట్రాక్ పొడవునా పరిచిన, డబ్బాలా మలిచిన ఉక్కు. రెండుసార్లు తలకిందులు చేసే ధైర్యం దానివల్లే వచ్చింది.
చెక్కను నమ్ముకుని ఎత్తు పెంచితే ఏమైందో ఒహాయోలో చూశాం. 2000లో సన్ ఆఫ్ బీస్ట్ అని 66 మీటర్ల ఎత్తున, తలకిందులుగా తిప్పే లూప్‌తో కట్టారు. వేగం 126 కిలోమీటర్లు! 200 అడుగులు దాటిన చెక్క కోస్టర్ అదొక్కటే. 2006లో ఓ దూలం పగిలి, ఆ కుదుపుకు ఇరవై మందికి పైగా దెబ్బలు తగిలాయి. లూప్ తీసేశారు, 2009లో మూసేశారు, 2012లో కూల్చేశారు. నవ్వొచ్చేదేంటంటే ఆ లూప్ కూడా ఉక్కుదే.

హన్మకొండ_అక్క:
ఒక్క ఒహాయోను చూపించి కట్టెను తిట్టకు తమ్ముడూ. దక్షిణ కొరియాలో టీ ఎక్స్‌ప్రెస్ 2008లో వచ్చింది. 56 మీటర్ల ఎత్తు, 77 డిగ్రీల వాలు. నువ్వు చెప్పిన ఉక్కు డబ్బా అక్కడ లేదు. పలకలను ఫ్యాక్టరీలో అతికించి, మిషన్ మీద కొలత తప్పకుండా కోసి తెచ్చి బిగించారు. అంటే మీ ఉక్కు అదనంగా తెచ్చింది ఎనిమిది డిగ్రీలే!
కింది స్తంభాలను బట్టి తేల్చడం కూడా కుదరదు. న్యూయార్క్‌లో 1927 నాటి కోనీ ఐలాండ్ సైక్లోన్‌కు ఫ్రేమ్ ఉక్కు, ట్రాక్ చెక్క. అందరూ చెక్కదనే అంటారు. 2018లో వచ్చిన స్టీల్ వెంజెన్స్‌కు కింద చెక్క, పైన ఉక్కు పట్టాలు. దాన్ని హైబ్రిడ్ అంటారు. కాబట్టి ట్రాకే లెక్క. గోలియత్ ట్రాక్‌లో కింది పొరలన్నీ చెక్కే.

కాజీపేట_జంక్షన్:
మరి ఉక్కు ఎంత దాకా ఓకే అక్కా?

ములుగు_రోడ్డు:
అదే నేనడిగేది. టెనెసీలో లైట్నింగ్ రాడ్ 2016లో 117 కిలోమీటర్లతో గోలియత్‌ను దాటింది. అదీ అట్లాంటి ట్రాకే. తర్వాత సగానికి పైగా ట్రాక్ తీసి పూర్తి ఉక్కు వేశారు. దాంతో దాన్ని హైబ్రిడ్‌లో కలిపారు, రికార్డు మళ్లీ గోలియత్‌కు వచ్చింది. దానికంటే వేగంగా పోయే చెక్కది ఇంకోటి తయారవలేదు, పేరు మార్చారంతే! క్విజ్ పెట్టినవాళ్లు పొడవు అడిగుంటే గొడవే ఉండేది కాదు. 1979 నాటి ది బీస్ట్, 2,243 మీటర్లు, మాట్లాడే పనిలేదు.

వడ్లోళ్ల_పిల్లగాడు:
తాతకు ఫోన్‌లో గోలియత్ వీడియో చూపించిన. రెండుసార్లు చూసి, "వడ్ల పనికి కూలెంత, కమ్మరి పనికి కూలెంత? ఎవరికి ఎక్కువ పోతే బండి వాళ్లది" అన్నడు. కాసేపాగి, "దీన్ని ఎక్కితే వాళ్లు మనకు ఎంతిస్తరు?" అని అడిగిండు.