గీజర్ లైటు వెలుగుతోంది, ఆరిపోతోంది, కానీ వేడి నీళ్లు రావట్లేదు

మాది నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్, 25 లీటర్ల గీజర్, నీళ్లు ఎక్కువగా బోరువే. వారం నుంచి షవర్‌లో గోరువెచ్చగానే వస్తున్నాయి, అదే లైన్ మీదున్న వాష్‌బేసిన్‌లో కూడా అంతే. స్విచ్ వేస్తే ఎర్ర లైటు వస్తుంది, అరగంట దాటాక ఎప్పటిలాగే ఆరిపోతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పకుండానే కాయిల్ పోయింది, మార్చాలి అన్నాడు. నిజమేనా అండి? పొద్దున్నే పిల్లలకి స్టవ్ మీద నీళ్లు కాచలేక చస్తున్నాం.

బోరు నీళ్లు (ఒకరి జవాబు)
కాయిల్ మీద తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంటుంది. బోరు నీళ్లకి ఏడాదికోసారైనా విప్పి క్లీన్ చేయించాలి, లోపల మెగ్నీషియం రాడ్ ఉంటుంది, అది అరిగిపోతే ట్యాంకుకి తుప్పు మొదలవుతుంది, అదీ చూడమనండి. సర్వీసుకి పిలవడమే బెటర్.

పాత ఇంజినీర్
సర్వీసింగ్ మంచిదే, కానీ ఈ సమస్య అది కాదనుకుంటా. లైటు ఆరిపోతోందంటే నీళ్లు సెట్ చేసిన వేడికి వచ్చి థర్మోస్టాట్ కరెంటు ఆపేసిందని. కాయిల్ కాలిపోతే నీళ్లు వేడెక్కవు, థర్మోస్టాట్ ఆపదు, లైటు అలా వెలుగుతూనే ఉంటుంది. పైగా 2000 వాట్ల కాయిల్ 25 లీటర్లని 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 35 నిమిషాలు పడుతుంది, మీ టైమింగ్ సరిగ్గా అంతే ఉంది. అంటే గీజర్‌లో నీళ్లు కాగుతున్నాయి, దారిలో చల్లనీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి.

గీజర్ స్విచ్ ఆపి, దాని కింద చల్లనీళ్లు వెళ్లే పైపు యాంగిల్ కాక్ (చిన్న వాల్వ్) కట్టేయండి. ఇప్పుడు వాష్‌బేసిన్‌లో వేడి ట్యాప్ తిప్పండి. కాసేపటికి నీళ్లు ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉన్నాయంటే అవి గీజర్ నుంచి కాదు, షవర్ మిక్సర్ (వేడి, చల్లనీళ్లు కలిపే ట్యాప్) లోపలి నుంచి చల్లనీళ్లు వేడి లైన్లోకి దూరుతున్నాయి. సింగిల్ లీవర్ మిక్సర్ (ఒకే హ్యాండిల్ ఉండేది) అయితే లోపల కార్ట్రిడ్జ్ (నీళ్లని కలిపే, ఆపే భాగం) సీలు పోయి ఉంటుంది.

సనత్‌నగర్ అన్న
చెక్ చేసేటప్పుడు ట్యాప్ ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు జిల్లుమన్నా, ప్లగ్ దగ్గర కాలిన వాసన వచ్చినా ఇదంతా వదిలేసి ఎంసీబీ (కరెంటు బోర్డులోని సేఫ్టీ స్విచ్) దించండి, ముందు ఎర్తింగ్ చూపించుకోండి. గీజర్‌కి 16 ఆంప్స్ పాయింటే ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డులు వద్దు బాబూ.

ప్రశ్న అడిగినవారు
సార్, మీరు చెప్పినట్టే కాక్ కట్టేశాం, బేసిన్‌లో నీళ్లు ఆగలేదు, చల్లగా ధారగా వస్తూనే ఉన్నాయి! షవర్‌ది సింగిల్ లీవరే, లోపలి డబ్బా గోడలో ఉంది. గోడ పగలగొట్టాలా? ఆ టెన్షన్ ఒకటి పట్టుకుంది.

పాత ఇంజినీర్
అక్కర్లేదమ్మా. మెయిన్ వాల్వ్ కట్టేసి, లీవర్ కింద చిన్న స్క్రూ విప్పితే హ్యాండిల్ వచ్చేస్తుంది, ప్లేటు, ఆ వెనక నట్టు తీస్తే కార్ట్రిడ్జ్ బయటికొస్తుంది. పాతది షాపుకి పట్టుకెళ్లండి, 35 ఎంఎం, 40 ఎంఎం అని సైజులుంటాయి, కంపెనీని బట్టి కింద పిన్నులు కూడా మారతాయి, ఫోటో చూపించి కొనొద్దు. ప్లంబర్‌ని పిలిస్తే చాలు, ఎలక్ట్రీషియన్‌తో పనిలేదు.