లీడ్స్‌లో తొలి క్రిస్మస్: స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్ళడంపై కొన్ని సందేహాలు

ప్రశ్న:

మాది గుంటూరు. పీజీ చదవడానికి సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కు వచ్చాను. వరంగల్ అమ్మాయి ఒకరు, నేను ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాము. మా తరగతిలోని ఇంగ్లీషు స్నేహితురాలు డిసెంబరు 25న మధ్యాహ్న భోజనానికి మా ఇద్దరినీ యార్క్ దగ్గరి పల్లెలో ఉన్న తన తల్లిదండ్రుల ఇంటికి పిలిచింది. మాది క్రైస్తవ కుటుంబం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి క్రిస్మస్ ఆరాధన ఒక్కసారి కూడా తప్పలేదు. నా స్నేహితురాలు హిందువు. కోడిమాంసం తింటుంది కానీ గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టదు. ఆ ఉదయం ఇక్కడి చర్చిలో ఆరాధన ముగించుకుని, రైలులో బయలుదేరుదామని అనుకుంటున్నాము. తిండి విషయం ముందే చెబితే వాళ్ళు నొచ్చుకుంటారా? ఏమి పట్టుకెళ్ళాలి? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.

సమాధానం (బ్రాడ్‌ఫర్డ్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్న సభ్యురాలు):

అమ్మా, అన్నిటికన్నా ముందు ప్రయాణం సంగతి చూసుకోండి. డిసెంబరు 25న ఇక్కడ రైళ్ళు నడవవు, ఊళ్ళలో తిరిగే బస్సులు కూడా దాదాపుగా ఉండవు, టాక్సీలు దొరికినా ఎక్కువ డబ్బు అడుగుతారు. నేను వచ్చిన మొదటి ఏడు ఈ విషయం తెలియక, చీర కట్టుకుని, కేకు పట్టుకుని స్టేషన్‌కు వెళ్ళి, మూసిన గేటు చూసి వెనక్కి వచ్చాను. నా కోసం అక్కడ ఆరుగురు భోజనం ఆపుకుని కూర్చున్నారని తరువాత తెలిసి ఎంతో బాధపడ్డాను. మీరు 24నే వెళ్ళి రాత్రి అక్కడ ఉండవచ్చునా అని స్నేహితురాలిని అడగండి. ఇందులో మొహమాటం అక్కరలేదు. రైళ్ళు ఉండవన్న సంగతి వాళ్ళకు తెలిసినదే. 24 సాయంత్రం రైళ్ళు మామూలుకన్నా ముందుగా ఆగిపోతాయి, పైగా ఇక్కడ నాలుగు గంటలకే చీకటి పడుతుంది కనుక మధ్యాహ్నమే బయలుదేరడం మంచిది. కొనవలసినవి కూడా అంతకుముందే కొనుక్కోండి. 2004లో చేసిన చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో 280 చదరపు మీటర్లు మించిన పెద్ద దుకాణాలను క్రిస్మస్ రోజున తెరవకూడదు.

తిండి విషయం తప్పక ముందే చెప్పండి. పిలిచేటప్పుడే ఏమి తినరని అడగడం ఇక్కడి మర్యాద, కాబట్టి నొచ్చుకుంటారన్న భయం వద్దు. అయితే "గొడ్డుమాంసం తినదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే పైకి కనిపించని చోట్ల అది ఉంటుంది. క్రిస్మస్ పుడ్డింగ్ చూడడానికి ఎండుద్రాక్షల మిఠాయిలా ఉన్నా, పాత పద్ధతిలో చేస్తే అందులో సూయెట్ అనే పశువుల కొవ్వు వేస్తారు. మిన్స్ పైలో ఇప్పుడు మాంసం వేయరు కానీ, లోపలి పండ్ల మిశ్రమంలో అదే కొవ్వు ఉండవచ్చు. బంగాళాదుంపలను బాతు కొవ్వులోనో పశువుల కొవ్వులోనో వేయించే ఇళ్ళున్నాయి, టర్కీ కోడిలో కూరే స్టఫింగ్‌లో తరచుగా పందిమాంసం కలుపుతారు. శాకాహార సూయెట్‌తో చేసిన పుడ్డింగులు అన్ని సూపర్‌మార్కెట్లలోనూ దొరుకుతాయి. అలాంటిదొకటి మీరే తీసుకువెళితే ఆ ఇంటావిడకు శ్రమ తగ్గుతుంది. మద్యం తాకనివారైతే అదీ చెప్పాలి, ఎందుకంటే పుడ్డింగు మీద బ్రాందీ పోసి వెలిగించడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ.

సమాధానం (మెదక్ నుంచి వచ్చి మాంచెస్టర్‌లో స్థిరపడిన సభ్యుడు):

అక్కగారు చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. చేతులూపుకుంటూ వెళ్ళకూడదన్నది మన పద్ధతి, వాళ్ళదీ అదే. ఖరీదైన కానుక ఇస్తే మాత్రం వాళ్ళు ఇబ్బందిపడతారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి గులాబీ పువ్వులు చేసి తీసుకువెళితే అంతకన్నా మంచి కానుక ఉండదని నా నమ్మకం. వేరుశనగ, జీడిపప్పు పడనివారు ఆ ఇంట్లో ఉన్నారేమో ముందే కనుక్కోండి. స్నేహితురాలి తల్లిని ఆంటీ అనకుండా, ఆమె తనను ఏ పేరుతో పరిచయం చేసుకుంటే ఆ పేరుతోనే పిలవండి. పెద్దవారిని పేరు పెట్టి పిలవడం మనకు మింగుడుపడదు కానీ ఇక్కడ అది అగౌరవం కాదు. బల్ల మీద క్రాకర్లు ఉంటాయి, అవి మన టపాసులు కావు. పక్కవారితో కలిసి చెరో కొన లాగితే చిన్న చప్పుడుతో విడిపోతాయి, లోపలి కాగితపు కిరీటాన్ని అందరూ పెట్టుకుని భోంచేస్తారు. మధ్యాహ్నం మూడు గంటలకు రాజుగారి సందేశం వస్తుంది, కొన్ని ఇళ్ళలో దాన్ని శ్రద్ధగా వింటారు.

ఆరాధన విషయంలో దిగులుపడవద్దు. 24 రాత్రి చాలా చర్చిలలో అర్ధరాత్రి ఆరాధన ఉంటుంది, బయటివారు వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పల్లె చర్చి వేళలు స్నేహితురాలిని అడగండి; ఆ కుటుంబం చర్చికి వెళ్ళేవారు కాకపోయినా మిమ్మల్ని అక్కడ దింపిరావడానికి సంతోషిస్తారు. మాటల్లో మా మెదక్ చర్చి గురించి కూడా చెప్పండి. ఇక్కడినుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. మా ఆఫీసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఫొటో చూపించమంటారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న స్నేహితురాలి తల్లితోనే ఫోనులో మాట్లాడాము. బంగాళాదుంపలు నూనెలో వేయిస్తానని, రెండు రాత్రులు ఉండవచ్చని ఆమె అన్నారు. 24 మధ్యాహ్నం రెండు గంటల రైలుకు టికెట్లు తీసుకున్నాము. తిరుగు ప్రయాణం 26న పెట్టుకోవచ్చా?

సమాధానం (బ్రాడ్‌ఫర్డ్ సభ్యురాలు):

26న కూడా చాలా మార్గాల్లో రైళ్ళు ఉండవమ్మా. మూడో రాత్రి కూడా ఉండవచ్చునా అని అడిగి 27కు పెట్టుకోండి. ఈ సెలవుల్లోనే పట్టాల మరమ్మతులు ఎక్కువగా చేస్తారు, కాబట్టి టికెట్ కొనేముందు ఆనాటి రైళ్ళ వేళలు మరొకసారి సరిచూసుకోండి.