పిన్ని అమ్మ కావాలంటే దత్తత తప్పనిసరా?

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. అక్క నాలుగేళ్ల క్రితం పోయింది. బావ మళ్లీ పెళ్లి చేసుకుని విజయవాడలో ఉంటున్నారు, బాబు మాత్రం నా దగ్గరే. మా ఇంట్లో ఉండేది నేను, అమ్మ, వాడు. నాకు పెళ్లి కాలేదు, చేసుకునే ఆలోచనా లేదు.

మొన్న స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. తొమ్మిదేళ్ల వాడికి నన్నెక్కడ పెట్టాలో తెలియక, చెట్టు మొదట్లో నీళ్లు పోస్తున్నట్టు గీశాడు. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

అసలు టెన్షన్ కాగితాల గురించి. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం పెళ్లికాని స్త్రీ కూడా దత్తత తీసుకోవచ్చు, మగపిల్లాడైతే వయసు తేడా కనీసం 21 ఏళ్లుండాలి (మాకు 25 ఉంది). బావ కూడా సరే అన్నారు. కానీ వాడి కాగితాల్లో అక్క పేరు పోవడం నాకిష్టం లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం (మైనర్లకు సంరక్షకుల్ని నియమించే చట్టం) కింద కోర్టు ద్వారా గార్డియన్‌ని అయితే పాస్‌పోర్టుకీ, ఆస్పత్రి సంతకాలకీ సరిపోతుందా? దత్తత పత్రం రిజిస్టర్ చేయించాల్సిందేనా? కుటుంబమంటే అమ్మానాన్నా పిల్లలే కాదని 2022లో సుప్రీంకోర్టు అంది గానీ, కౌంటర్లో కూర్చున్నాయనకి అది చెప్తే వింటారా!

ఇలా పిల్లల్ని పెంచినవాళ్లు, పిన్ని దగ్గరో మేనత్త దగ్గరో పెరిగినవాళ్లు ఉంటే మీరేం చేశారో చెప్పండి.