కెగ్ బీరు తేటపడాలంటే జెలటిన్ వెయ్యాల్సిందేనా?

కొత్తకెగ్:
పేల్ ఏల్ అనే లేత రంగు బీరు పులియడం పూర్తయ్యాక 19 లీటర్ల కెగ్‌లోకి (గ్యాస్ ఒత్తిడితో బీరు నిలవుంచే స్టీలు పీపా) ఎక్కించి ఫ్రిజ్‌లో పెట్టాను. రుచి బాగుంది, కానీ గ్లాసులో పోస్తే మసకగా ఉంది. వచ్చే వారం స్నేహితులు వస్తున్నారు. మసకని పట్టి అడుక్కి దించే జెలటిన్ పొడి వెయ్యమని కొందరు, దాని జోలికి వెళ్లొద్దని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

కెగ్‌కాపరి:
వెయ్యండి. లేత రంగు బీరన్నిటికీ నేను వేస్తాను. బీరు మాత్రం ముందే బాగా చల్లబడి ఉండాలి, 4 డిగ్రీల లోపుంటే మంచిది. ప్రోటీన్లు, పాలీఫినాల్స్ (ధాన్యం, హాప్స్ నుంచి వచ్చే వగరు పదార్థాలు) జతకట్టి మసక కమ్మేది చలిలోనే. ఆ మసక పుట్టకముందే వేస్తే జెలటిన్ దేన్ని పట్టుకుని దిగుతుంది? రుచీ రంగూ కలపని పొడి అర టీస్పూన్ తీసుకుని, అర కప్పు చల్లటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. తర్వాత 65–70 డిగ్రీల దాకా మెల్లగా వేడి చేయండి. మరగనివ్వకండి, పట్టు తగ్గిపోతుంది. పలుకులన్నీ కరిగాక కెగ్‌లో పోసి మూత బిగించండి. రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది. మొదటి గ్లాసులో మడ్డి వస్తుంది, పారబోయండి. ఆపైన కెగ్‌ని కదపొద్దు.

ఓపికమనిషి:
అదే చలిలో కొన్ని వారాలు వదిలేస్తే ఈస్ట్ దానంతటదే అడుక్కి చేరుతుంది కదండీ. తొందర మనది, బీరుది కాదు. ఇంకో మాట. జెలటిన్ తీసేది జంతువుల చర్మం, ఎముకల నుంచి. వచ్చేవాళ్లలో శాకాహారులుంటే చెప్పకుండా పోస్తారా? "అంతా అడుక్కి దిగిపోతుందిలే" అంటే నేను ఒప్పుకోను. తాగేది వాళ్లు, నిర్ణయమూ వాళ్లదే.

కెగ్‌కాపరి:
చెప్పాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందులో వాదనే లేదు. కానీ వారాల తరబడి ఆగమనడం వారం గడువున్న మనిషికి జవాబు కాదు. పైగా ఈస్ట్ దిగినంత తేలిగ్గా ఈ సన్నటి ప్రోటీన్ మసక దిగదు.

హాప్స్‌ప్రాణం:
అసలు ప్రమాదం మూత తియ్యడంలో ఉంది. హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) దండిగా వేసిన బీరులోకి గాలి చొరబడితే ఆ ఘుమఘుమ ఎంతో కాలం నిలవదు, తర్వాత తడి అట్టముక్క రుచి మొదలవుతుంది. కరిగించిన జెలటిన్‌ని చిన్న ప్లాస్టిక్ సీసాలో పోసి, గాలి పిండేసి, కార్బొనేషన్ క్యాప్ (గ్యాస్ గొట్టం తగిలించే మూత) బిగించి, సీసాలో గ్యాస్ నింపండి. కెగ్‌లో ఒత్తిడి తగ్గించి, సీసా తలకిందులుగా పట్టుకుని గ్యాస్ పోస్టు (కెగ్‌లోకి గ్యాస్ వెళ్లే వాల్వు) గుండా లోపలికి తోయండి. మూత తియ్యక్కర్లేదు. హేజీ ఐపీఏలో (హాప్స్ దండిగా వేసి, కావాలనే మసకగా చేసే బీరు), గోధుమ బీరులో మాత్రం దయచేసి వెయ్యకండి. ఆ మసక ఉండాల్సిందే.

ఓపికమనిషి:
మసక దేనివల్లో తెలుసుకోకుండా వైద్యం చేయడమేంటి? ఒక గ్లాసు పట్టి గది వేడికి రానివ్వండి. తేటపడితే అది చలి మసక. పడకపోతే ఈస్టో, స్టార్చో, హాప్స్ తాలూకు మసకో కావచ్చు. ఒక చుక్క అయోడిన్ వేసినప్పుడు నీలి నలుపుకి తిరిగితే స్టార్చ్. దానిమీద జెలటిన్ పని చెయ్యదు, తప్పు మాషింగ్‌లో (ధాన్యాన్ని వేడి నీళ్లలో నానబెట్టి స్టార్చ్‌ని చక్కెరగా మార్చే దశ) ఉంది.

కొత్తకెగ్:
గ్లాసు పక్కన పెట్టి చూశాను, వెచ్చబడ్డాక అద్దంలా తేరింది. వచ్చేవాళ్లలో ఇద్దరు శాకాహారులు. జెలటిన్ బదులు ఇంకేమైనా ఉందా?

కెగ్‌కాపరి:
ద్రవ రూపంలో దొరికే సిలికా వాడండి, అందులో జంతువుల పదార్థం ఉండదు. ప్రధానంగా ఈస్ట్‌ని దించుతుంది, ప్రోటీన్ మసకనీ కొంత తగ్గిస్తుంది. జెలటిన్ అంత గట్టిగా పనిచేస్తుందని మాటివ్వలేను. ఎంత వెయ్యాలో సీసా మీద ఉంటుంది, వేడి చేసే పనే లేదు. హాప్స్‌ప్రాణం గారు చెప్పినట్టు మూత తియ్యకుండానే పంపించండి. వచ్చేసారి వోర్ట్ (పులియకముందు ఉండే తియ్యటి ధాన్యపు రసం) మరిగేటప్పుడు ఆఖరి 15 నిమిషాల్లో ఐరిష్ మాస్ వెయ్యండి. అది సముద్రపు నాచే, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఓపికమనిషి:
దీనికి నేనూ సరే. ఐసింగ్లాస్ మాత్రం తెచ్చుకోకండి, అది చేపల గాలితిత్తి నుంచి తీసేది.