పేగు బ్యాక్టీరియా రిపోర్టు వచ్చింది, ఇప్పుడేం చేయాలి? (కొలైటిస్, క్రోన్స్ ఉన్నవాళ్లు చెప్పండి)

సగం_నిద్ర:
అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొరకు వాపు, పుండ్లు వచ్చే జబ్బు) అని తేలి నాలుగేళ్లు. పెద్దపేగులో ఎడమ వైపు వరకే ఉంది. మెసలమైన్ మాత్రలు వేసుకుంటున్నా. ఏడాదిగా రెమిషన్‌లో (జబ్బు అణిగి) ఉన్నాననే అనుకుంటున్నా, కానీ పొద్దున్నే మూడుసార్లు పరుగు మాత్రం తప్పట్లేదు. ఈమధ్య ఇంటికే కిట్ తెప్పించుకుని మలం శాంపిల్ పంపితే 14 పేజీల రిపోర్టు వచ్చింది. మొదటి పేజీలోనే ఎర్రక్షరాలతో ‘వైవిధ్యం తక్కువ’. ఫీకాలిబ్యాక్టీరియం ప్రౌస్నిట్జీ అనేదాని ఎదురుగా ‘చాలా తక్కువ’, రూమినోకాకస్ నేవస్ ‘ఎక్కువ’. చివరి పేజీలో వాళ్లే అమ్మే ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా) క్యాప్సూల్స్ వివరాలు. మా డాక్టరుగారు రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేశారు. ఒళ్లు మండిపోయింది. తక్కువున్నవి నింపేస్తే జబ్బు తగ్గుతుందా? మెల్లగా మందు మానేయొచ్చా? ఎవరైనా చేసి చూశారా?

పన్నెండేళ్ల_కొలైటిస్:
చేసి చూశాను. అందుకే చెప్తున్నా, మందు మాత్రం మానకు తమ్ముడూ.
నాకు వచ్చిన ఐదో ఏట ఇదే పని చేశా. మాత్రలు ఆపేసి క్యాప్సూల్స్ మొదలుపెట్టా. మొదటి మూడు వారాలు ఎంత హాయిగా ఉందంటే, ఇన్నాళ్లూ అనవసరంగా మందులు మింగానే అని నా మీద నాకే జాలేసింది. నాలుగో వారంలో ఒకరోజు టిష్యూ మీద గులాబీ రంగు చార. పైల్స్ అయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకున్నా. ఇంకో పది రోజులకు రోజుకు పద్నాలుగుసార్లు, అందులో సగం రక్తమూ జిగురే. రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో మొదలై పూర్తిగా ఆపడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల ఫొటోల్లో నా మొహం గుండ్రంగా ఉబ్బిపోయి ఉంటుంది, ఒక్కటీ ఎవరికీ చూపించను.
మందు ఆపిన మర్నాడే పూత తిరగబెట్టదు. ఆ వ్యవధిలో ఏం మింగినా అదే పనిచేస్తోందనిపిస్తుంది.

ల్యాబ్_కోటు:
నేను డాక్టర్ని కాదు, పేగు బ్యాక్టీరియా మీద పనిచేసే ల్యాబ్‌లో ఉంటాను. నీ రిపోర్టులో చెప్పింది అబద్ధమేమీ కాదు. ఫీకాలిబ్యాక్టీరియం పేగు పూత ఉన్నవాళ్లలో తగ్గుతుందని చాలాచోట్ల తేలింది. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు క్రోన్స్‌కు (పేగుల్లో ఎక్కడైనా వాపు, పుండ్లు వచ్చే జబ్బు) ఆపరేషన్ అయినవాళ్లను చూశారు. ఆపరేషన్ నాటికి ఎవరి పేగు గోడ మీద ఈ బ్యాక్టీరియా తక్కువగా ఉందో, వాళ్లలో ఆరు నెలలకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. ఇది బ్యుటిరేట్ తయారుచేస్తుంది. పెద్దపేగు లోపలి పొరలో కణాలకు ప్రధాన ఆహారం అదే. రూమినోకాకస్ నేవస్ సంగతీ అంతే. అది తయారుచేసే ఒక చక్కెర గొలుసు మన రోగనిరోధక కణాల్ని రెచ్చగొట్టి టీఎన్ఎఫ్ అనే వాపు పెంచే ప్రొటీన్‌ను విడుదల చేయిస్తుందని 2019లో చూపించారు. మనలో చాలామంది ఇన్‌ఫ్యూజన్ ఎక్కించుకునేది ఆ టీఎన్ఎఫ్‌ను అడ్డుకోవడానికే కదా.
ఇక తిరకాసు చూడు. ఫీకాలిబ్యాక్టీరియానికి గాలి సోకితే బతకదు. మా ల్యాబ్‌లో దాన్ని పెంచాలంటే ఆక్సిజన్ లేని గాజుపెట్టెలో, పెట్టెకు బిగించిన గ్లవ్స్‌లో చేతులు పెట్టి పనిచేస్తాం. మామూలుగా దొరికే క్యాప్సూల్స్‌లో ఉండేవి లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం రకాలు. అంటే రిపోర్టు లేదన్నది ఒకటి, చివరి పేజీలో అమ్మేది ఇంకొకటి. ఆ క్యాప్సూల్స్ లేబుల్ మీద పేర్లు చదివి ఇక్కడ పెట్టు.

సగం_నిద్ర:
చదివాను. ఐదు పేర్లున్నాయి, ఐదూ నువ్వు చెప్పిన ఆ రెండు జాతులే. ఫీకాలి ఎక్కడా లేదు. 😐

అంతా_సహజమే:
మందుల కంపెనీలకు జబ్బు తగ్గడం ఇష్టం లేదు, అసలు సంగతి అదీ. ఆరోగ్యంగా ఉన్న తమ్ముడిదో చెల్లెలిదో మలం తీసుకుని ఇంట్లోనే ఎనిమా చేసుకోవచ్చు. వీడియోలు బోలెడున్నాయి. ఖర్చు లేదు, కెమికల్ లేదు.

ఎవరి_మలమో:
దయచేసి ఈ సలహా ఇక్కడితో ఆపండి. నేను మల మార్పిడి (ఆరోగ్యవంతుల మలాన్ని రోగి పేగులోకి ఎక్కించడం) ట్రయల్‌లో ఉండి వచ్చినవాణ్ణి. దాతను ఎంచేముందు రక్తం, మలం ఎన్ని పరీక్షలు చేశారో, అడిగిన పదిమందిలో ఎంతమందిని వద్దన్నారో నాకు తెలుసు. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఒకే దాత నుంచి తయారైన మలం ఎక్కించుకున్న ఇద్దరికి మందులకు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా సోకింది, ఒకరు చనిపోయారు. ఇద్దరికీ రోగనిరోధక శక్తి ముందే తగ్గిపోయి ఉంది. రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్, స్టెరాయిడ్లు వాడుతున్న మనమూ ఇంచుమించు ఆ కోవే. తమ్ముడు ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన అతని పేగులో ఏముందో ఎవరికి తెలుసు?

సగం_నిద్ర:
ట్రయల్‌లో ఉన్నానన్నారు కదా, మీకు తగ్గిందా అన్నా?

ఎవరి_మలమో:
చెప్తా, కాస్త పెద్ద కథ.
ముందు లెక్కలు. 2015లో కెనడాలో 75 మంది కొలైటిస్ వాళ్లతో చేశారు. మలం ఎక్కించినవాళ్లలో 24 శాతం రెమిషన్‌కి వచ్చారు, ఉత్త నీళ్ల ఎనిమా ఇచ్చినవాళ్లలో 5 శాతం. తమాషా ఏంటంటే, బాగుపడ్డ తొమ్మిదిమందిలో ఏడుగురికి వెళ్లింది ఒకే దాతది! అదే ఏడాది నెదర్లాండ్స్‌లో చేసినదాంట్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో ఆస్ట్రేలియా వాళ్లు చాలామంది దాతలది కలిపి ఇస్తే 27 శాతం, ఉత్తదానికి 8. 2019లో మళ్లీ అక్కడే, గాలి సోకకుండా తయారుచేసి ఇస్తే 32 శాతం, రెండో గుంపులో 9. ఆ రెండో గుంపుకు వాళ్ల మలమే వాళ్లకు ఎక్కించారు. అంటే ఏదో జరుగుతోంది, కానీ మంచి ఫలితం అనుకున్నదాంట్లోనూ ముగ్గురిలో ఇద్దరికి పని చేయలేదు.
ఇక నా సంగతి. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని గంటసేపు పడుకోవాలి. గోడ మీద గడియారం ఉండేది, దాని ముల్లు కదలడం లేదేమో అనిపించేది. రెండో వారం నుంచి నాకు తేడా తెలిసింది. ఆరుసార్లు పోయేది మూడుకు దిగింది. ఇంట్లో అందరికీ చెప్పేశా, ఎవరో పుణ్యాత్ముడి మలం నన్ను నిలబెట్టింది అని. ట్రయల్ అయిపోయి, ఎవరికి ఏదిచ్చారో రాసిన కవరు తెరిచాక తెలిసింది, నాకిచ్చింది ఉత్తదే. రంగు కలిపిన నీళ్లు.
ఇంకో రెండు నెలలకు ఫ్లేర్ వచ్చింది, జబ్బు మళ్లీ తిరగబెట్టింది.

పన్నెండేళ్ల_కొలైటిస్:
నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. నా మూడు వారాల హాయి కూడా ఇదే కదా.

సంచితో_నేను:
నాది క్రోన్స్, ఇరవై రెండేళ్లు, రెండు ఆపరేషన్లు. బ్యాక్టీరియాకూ దీనికీ సంబంధం లేదనుకునేవాళ్లకు నా కడుపే సాక్ష్యం. మొదటి ఆపరేషన్‌లో చిన్నపేగు చివరి భాగం కోసి, కొన్నాళ్లు పొట్ట మీద సంచి పెట్టారు. ఆ రోజుల్లో సంచికి కిందున్న పేగులోకి మలం పోలేదు, అక్కడ పూతా లేదు. తర్వాత సంచి తీసేసి పేగు కలిపారు. ఆరు నెలలకు కొలనోస్కోపీ చేస్తే సరిగ్గా అతుకు పైన వరసగా చిన్నచిన్న పుండ్లు, తెల్ల చుక్కల్లా. స్క్రీన్ మీద నేనే చూశా.
బెల్జియంలో 1991లో ఇదే గమనించారట. మలం దారి మళ్లించినంతకాలం ఆ భాగం శుభ్రంగా ఉంది. 1998లో ముగ్గురు రోగుల్లో సంచి ద్వారా వచ్చిన ద్రవాన్నే మళ్లీ కింది పేగులోకి ఎక్కించి చూస్తే వారం తిరిగేసరికి వాపు మొదలైంది. మా సర్జన్ ఈ సంగతి చెప్పినప్పుడు ఇన్నేళ్ల జబ్బులో మొదటిసారి ఏదో అర్థమైనట్టనిపించింది. సంచి పెట్టుకున్నందుకు పడ్డ సిగ్గు కూడా ఆరోజుతో కాస్త తగ్గింది, ఎందుకో తెలియదు.

ల్యాబ్_కోటు:
సంచితో_నేను గారు చెప్పిన ప్రయోగాలు మా రంగంలో అందరూ తలుచుకునేవే. ఎలుకల్లోనూ అంతే. వాపును అదుపులో పెట్టే ఐఎల్-10 జన్యువు తీసేసిన ఎలుకలకు పేగు వాస్తుంది, కానీ అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచితే వాయదు. 2001లో క్రోన్స్‌తో ముడిపడ్డ మొదటి జన్యువు ఎన్ఓడీ2 దొరికితే, దాని పని కూడా బ్యాక్టీరియా గోడ ముక్కల్ని పసిగట్టడమే.
అయితే విత్తు ముందా చెట్టు ముందా అన్నది తేలలేదు. పేగు వాచిందంటే లోపలికి ఆక్సిజన్, నైట్రేట్ ఊరుతాయి. ఈ.కోలై లాంటివాటికి అది పండగ, ఫీకాలి లాంటివాటికి చావు. నీళ్ల విరేచనాలు అయినా లెక్కలు మారిపోతాయి. కాబట్టి సగం_నిద్ర రిపోర్టులోని ఎర్రక్షరాలు జబ్బుకు కారణం కావచ్చు, జబ్బు మిగిల్చిన బూడిదా కావచ్చు. క్రోన్స్ రోగుల ఆరోగ్యవంతమైన దగ్గరి బంధువుల్ని మూడువేలమందికి పైగా ఏళ్ల తరబడి గమనించిన జెమ్ ప్రాజెక్టు వాళ్లు, జబ్బు బయటపడకముందే కొందరి బ్యాక్టీరియా కూర్పు తేడాగా ఉందని 2023లో చూపించారు. ఇది ‘కారణం’ వైపు కాస్త మొగ్గే సంగతి. నా మొగ్గూ అటే. కానీ దాన్నిబట్టి ఈరోజు ఫలానా క్యాప్సూల్ మింగు అని చెప్పే స్థితి లేదు.

పాప_నాన్న:
మా అమ్మాయికి పదకొండో ఏట క్రోన్స్ అన్నారు. స్టెరాయిడ్ బదులు ఎనిమిది వారాలు ఫార్ములా పాలపొడి లాంటిది నీళ్లలో కలిపి అదొక్కటే తాగించమన్నారు. ఇంకేమీ తినకూడదు, నమలకూడదు. మొదటి వారం నరకం. మేం భోంచేసేటప్పుడు తలుపులేసుకునేవాళ్లం, వాసన పోకుండా. పిల్ల తలుపు అవతల కూచుని “ఇవాళ ఏం తింటున్నారు నాన్నా?” అని అడిగేది, ఊరికే తెలుసుకుందామని. నాకు ముద్ద దిగేది కాదు. మూడో వారానికి కడుపునొప్పి పోయింది, ఎనిమిదో వారానికి మూడు కిలోలు పెరిగింది. బ్యాక్టీరియా బాగుపడటం వల్లే తగ్గిందని నేననుకుంటున్నా. కరెక్టేనా?

ల్యాబ్_కోటు:
ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది పాప_నాన్న గారూ. స్కాట్లాండ్‌లో సరిగ్గా ఈ చికిత్సలో ఉన్న పిల్లల మలం పరీక్షించి 2014లో రాశారు. పిల్లలు కోలుకుంటున్నారు, కానీ ఫీకాలిబ్యాక్టీరియం, బ్యుటిరేట్ పెరగకపోగా ఇంకా తగ్గాయి! పీచు లేని ఆహారం కదా, వాటికి తిండెక్కడిది? ఆ సమయంలో మీ పాప శాంపిల్ ఏ కంపెనీకో పంపితే సగం_నిద్ర కంటే ఘోరమైన రిపోర్టు వచ్చేదేమో. పిల్లేమో ఆడుకుంటూ ఉండేది.

పన్నెండేళ్ల_కొలైటిస్:
ప్రోబయాటిక్ అంతా బూటకం అని తీసేయకండి కానీ. నేను వాడి మానేసిన క్యాప్సూల్స్ రకం వేరు. ఈ.కోలై నిస్లే 1917 అని ఒకటుంది, మొదటి ప్రపంచయుద్ధంలో తోటివాళ్లంతా విరేచనాలతో పడిపోతుంటే ఏమీ కాని ఒక సైనికుడి మలం నుంచి తీశారు. దాన్ని మెసలమైన్‌తో పోల్చి చూశారు కదా?

ల్యాబ్_కోటు:
నిజమే అక్కా. 2004లో 327 మంది కొలైటిస్ రోగుల్ని ఏడాదిపాటు చూస్తే, తిరగబెట్టింది నిస్లే వాడినవాళ్లలో 36.4 శాతం, మెసలమైన్‌లో 33.9. దాదాపు సమానం. కానీ అది అప్పటికే రెమిషన్‌లో ఉన్నవాళ్ల మీద, ఫలానా ఆ ఒక్క రకంతో. క్రోన్స్‌లో ఇలాంటిదేదీ నిలవలేదు. సగం_నిద్ర, నువ్వు రెమిషన్‌లో ఉన్నావని ఎలా తెలుసు? కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపు ఎంతుందో చూపే మలం పరీక్ష) ఎప్పుడు చేయించావు?

సగం_నిద్ర:
చేయించలేదు. రక్తం పడటం లేదు కదా అని.

సంచితో_నేను:
పొద్దున్నే మూడుసార్లు పరుగంటున్నావు. ముందు అది చేయించు నాయనా. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే నిశ్చింత, 250 దాటితే లోపల రగులుతోందని అనుకోవాలి. బ్యాక్టీరియా పేర్ల కంటే ఆ ఒక్క అంకె మీ డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

సగం_నిద్ర:
(రెండు వారాల తర్వాత) చేయించాను. 410.
డాక్టరుగారు ఈసారి రిపోర్టు పక్కన పెట్టలేదు. మాత్రల డోసు పెంచి, రోజూ రాత్రి మెసలమైన్ ఎనిమా రాశారు. నాలుగు వారాలయ్యాక మళ్లీ కాల్‌ప్రొటెక్టిన్. క్యాప్సూల్స్ కొనలేదు. ఆ 14 పేజీల రిపోర్టు వెనకవైపు తెల్లగా ఉంది కాబట్టి దానిమీదే రాసుకుంటున్నా: తేదీ, ఎన్నిసార్లు, రక్తం ఉందా లేదా. ఒకటే ఇబ్బంది, ఎనిమా పది నిమిషాలు కూడా నిలవట్లేదు.

సంచితో_నేను:
చల్లగా ఉంటే పేగు తన్నేస్తుంది. వాడే ముందు బాటిల్‌ని కాసేపు గోరువెచ్చటి నీళ్లలో ఉంచు. ముందు బాత్‌రూమ్‌కు వెళ్లిరా. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, ఒక్కసారిగా పిండకుండా మెల్లగా.

ఎవరి_మలమో:
గడియారం కనపడని వైపు తిరుగు. అనుభవం మీద చెప్తున్నా.

సగం_నిద్ర:
నిన్న రాత్రి 40 నిమిషాలు.