రక్తంలోని ‘కాంప్లిమెంట్’ని తెలుగులో ఏమందాం?

అమలాపురం నుంచి:
కాలేజీ పిల్లల కోసం క్యాన్సర్ మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘నేచురల్ యాంటీబాడీస్’ని సహజ ప్రతిరక్షకాలు అన్నాను. జబ్బు సోకకముందే, టీకా వేయకముందే రక్తంలో ఉండేవి కాబట్టి మాట అతికింది. ‘ఓ’ రక్తం గ్రూపు వాళ్ళలో ‘ఏ’, ‘బి’ గ్రూపులకు ఎదురు నిలిచేవి ఇవే. చిక్కల్లా కాంప్లిమెంట్ దగ్గరే, అంటే ప్రతిరక్షకాలు మొదలెట్టిన పనిని పూర్తిచేసే రక్తంలోని ప్రొటీన్ల దగ్గరే. మన లిపిలో రాస్తే మెచ్చుకోలు కాంప్లిమెంటుకీ దీనికీ తేడా కనపడదు. ‘రక్తంలో కాంప్లిమెంట్ తగ్గింది’ అని చదివితే పిల్లలకి ఏం బోధపడుతుంది? ‘పూరకం’ అందామా?

భీమవరం నుంచి:
మాస్టారూ, పూరకం అనగానే యోగా చేసేవాళ్ళకి ఊపిరి పీల్చడమే గుర్తొస్తుందండి. పూరకం, కుంభకం, రేచకం. ‘సంపూరకం’ అనండి. జర్మన్ శాస్త్రవేత్త ఎర్లిష్ ‘కాంప్లిమెంట్’ అని పేరు పెట్టిన ఉద్దేశమూ అదే. 1890ల్లో బెల్జియం శాస్త్రవేత్త బోర్డే చేసిన ప్రయోగం చూడండి. బాక్టీరియాకి ప్రతిరక్షకాలున్న జంతువు సీరమ్‌ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) 56 డిగ్రీల దగ్గర వేడి చేస్తే బాక్టీరియాని చంపే గుణం పోయింది. మామూలు జంతువు తాజా సీరం కాస్త కలపగానే తిరిగొచ్చింది. అంటే ప్రతిరక్షకం వేడికి తట్టుకుంది, రెండోది, అంటే సంపూరకం, తట్టుకోలేదు. ఒకటి శత్రువుని పట్టుకుంటుంది, రెండోది ఆ పని పూర్తిచేస్తుంది. అవధానంలో పృచ్ఛకుడిచ్చిన పాదానికి పూరణ చేసినట్టే.

రాజోలు నుంచి:
ఆయ్, సంపూరకం బాగుందండి. ఒంట్లో చేవ ఉంటే ఏ జబ్బూ నిలవదని మా అమ్మమ్మ అనేది. మరి ఇవన్నీ నెత్తుట్లో ఉండగా క్యాన్సర్ ఎందుకొస్తుందండీ?

అమలాపురం నుంచి:
పాఠానికి గుండెకాయ ఆ ప్రశ్నేనమ్మా. సంపూరకం ముప్పైకి పైగా ప్రొటీన్ల వరస. ఒకటి ఇంకోదాన్ని లేపుతూ పోయి చివరికి కణం పొరకి కన్నం పెడతాయి. మన కణాలకే ఆ గతి పట్టకుండా సీడీ46, సీడీ55, సీడీ59 అనే ప్రొటీన్లు వాటి మీద కాపలా ఉంటాయి. చాలా రకాల క్యాన్సర్ కణాలు వీటినే మరీ ఎక్కువగా మోస్తుంటాయి. ప్రతిరక్షకం పట్టుకున్నా సంపూరకం పని మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ‘చేవ’ ఎంత చక్కటి మాటైనా, చేవ ఉన్నవాళ్ళకి క్యాన్సర్ రాదన్న అర్థం వచ్చేలా మాత్రం రాయను. ఆ నమ్మకంతో పరీక్షలు వాయిదా వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

భీమవరం నుంచి:
రిటుక్సిమాబ్ గురించి కూడా రాయండి. కొన్ని లింఫోమాలకి (తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్లు) ఇచ్చే ఆ మందు తయారుచేసిన ప్రతిరక్షకమే. బి కణాలనే తెల్ల రక్తకణాల మీది సీడీ20 ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. అది కణాన్ని చంపే దారుల్లో సంపూరకం ఒకటి.

అమలాపురం నుంచి:
తప్పకుండా. ఆ కాపలా ప్రొటీన్లని ‘సంపూరక నిరోధకాలు’ అంటే రోగనిరోధకంతో తికమక అవుతుంది. ప్రస్తుతానికి ‘అడ్డు ప్రొటీన్లు’ అని రాశాను. ఇంతకంటే మంచి మాట తోస్తే శనివారంలోగా చెప్పండి, పాఠం ప్రింటుకి వెళ్తుంది.