రిజిస్ట్రీ డేటాతో మందు పనిచేసిందో లేదో చెప్పొచ్చా?

ప్రశ్న
క్యాన్సర్ మీద పీజీ ప్రాజెక్ట్ చేస్తున్నాను. అమెరికాలో క్యాన్సర్ పేషెంట్ల వివరాలు నమోదు చేసే సీర్ రిజిస్ట్రీ తీసుకుని, కీమో తీసుకున్నవాళ్లూ తీసుకోనివాళ్లలో ఎవరు ఎక్కువ కాలం బతికారో పోల్చాలని ఆలోచన. లక్షలమంది వివరాలు రెడీగా ఉన్నాయి, ట్రయల్ (పేషెంట్లను గుంపులుగా చేసి మందుని పరీక్షించడం) పెట్టాలంటే ఏళ్లు పడుతుంది. మా గైడ్ మాత్రం ట్రయల్ కాకపోతే ఎవరూ నమ్మరని ఒక్క ముక్కలో తేల్చేశారు. నిజంగా అంత పనికిరానిదా?

జవాబు
పనికిరానిది అనడం అన్యాయం అండీ. వయసు మళ్లినవాళ్లు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు చాలా ట్రయల్స్‌లో గుమ్మం దగ్గరే ఆగిపోతారు, వార్డులో మనం చూసేది మాత్రం ఎక్కువగా వాళ్లనే. మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ సంగతి చూడండి, అది ఎంత అరుదంటే పెద్ద ట్రయల్‌కి సరిపడా పేషెంట్లే దొరకరు. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, రొమ్ము క్యాన్సర్ మందు పాల్బోసిక్లిబ్‌ని వాళ్లకి కూడా అనుమతించింది ఆస్పత్రుల ఎలక్ట్రానిక్ రికార్డులు, ఇన్సూరెన్స్ క్లెయిముల లాంటి వాటి ఆధారంగానే. కాకపోతే ఆడవాళ్లలో ట్రయల్స్ అప్పటికే అయిపోయాయి, అది మర్చిపోకూడదు.

ఇంకో జవాబు
మీ గైడ్ భయం ఊరికే కాదు. మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ పేషెంట్లలో క్యాన్సర్ మరణాలు తక్కువని రికార్డుల మీద చేసిన పేపర్లు వరసగా వచ్చాయి, అందరికీ ఆశ పుట్టింది. షుగర్ లేని రొమ్ము క్యాన్సర్ పేషెంట్లు 3,649 మందితో ఎంఏ.32 ట్రయల్ చేస్తే, 2022లో వచ్చిన ఫలితం ప్రకారం ప్రధాన గుంపులో ఉత్తుత్తి మాత్రకీ మెట్‌ఫార్మిన్‌కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ పాత పేపర్లలో కొన్నింట్లో లెక్క తప్పింది ఎక్కడంటే, రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలనే దగ్గర. జబ్బు బయటపడ్డ ఏడాదికి మందు మొదలుపెట్టిన మనిషి ఆ ఏడాదంతా బతికే ఉండి తీరాలి, లేకపోతే "వాడినవాళ్ల" జాబితాలోకే రాడు. ఆ ఏడాదిని కూడా మందు ఖాతాలో వేస్తే ఏ మందైనా అమృతమే అవుతుంది! దీన్నే ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు. అందుకే డేటా తెరవకముందే, ట్రయల్ పెడితే ఎవరిని తీసుకుంటారో, ఏ రోజు నుంచి లెక్కపెడతారో కాగితం మీద రాసుకోండి.

అడిగినవారు
అంటే రోజులు సరిగ్గా లెక్కపెడితే నా ప్రశ్న నిలబడుతుందా?

జవాబు
సీర్ ఒక్కదానితో కష్టం. అందులో కీమో కాలమ్ చూశారా? ఒకవైపు "తీసుకున్నారు", రెండోవైపు "లేదు లేదా తెలియదు". తీసుకోనివాళ్లూ, తీసుకున్నా నమోదు కానివాళ్లూ ఒకే గడిలో కలిసిపోయారు, వాళ్లని ఏ స్టాటిస్టిక్సూ విడదీయలేదు. జబ్బు తిరగబెట్టిందా అన్నది అసలే ఉండదు. మందుల తేదీలు కావాలంటే మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్) క్లెయిములు జతచేసిన సీర్-మెడికేర్ ఉంది, కానీ ఎక్కువగా 65 దాటినవాళ్లే, పైగా అనుమతికి నెలలు పట్టొచ్చు. ప్రాజెక్ట్ గడువు దగ్గరపడితే ప్రశ్న మార్చుకోండి: ఏ స్టేజిలో జబ్బు బయటపడుతోంది, 1975 నుంచి ఇప్పటికి బతికే కాలం ఎలా మారింది లాంటివి. రిజిస్ట్రీ గట్టిగా చెప్పగలిగేవి అవే, మీ గైడ్ కూడా కాదనరు.